షినోన్‌లో అరచేత పట్టిన తీర్థం

ఆంటీ పోయారన్న కబురు వచ్చేసరికి నేను స్కూలు వంటింట్లో క్యారెట్లు తరుగుతున్నాను. ఫోన్ చేసింది ఆవిడ కూతురు. ఇక్కడే, ఇంగ్లండులోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రాదు. ముందు ఇంగ్లీషులో ఏదో చెప్పబోయి ఆగింది. తర్వాత ఒక్కో మాటా వెతుక్కుంటూ, "అమ్మ పడుకుంది. లేవలేదు" అంది. నేను ఏప్రాన్ విప్పి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఆంటీ తెలిసినవాళ్ళంతా తలా కాస్త రాసి ఇస్తే అందరం చదువుకుందామని మొన్న గుడి హాల్లో మీరంతా అన్నారు కదా అక్కలూ. నాది ఏడో తరగతి చదువు. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. కంప్యూటర్లో కొట్టిస్తానని మా ఆయన అన్నారు గానీ, ఆంటీ గురించి ఆయన చేత రాయించడం నాకు నచ్చలేదు.

కోవెంట్రీలో మా ఫ్లాటూ ఆంటీ ఫ్లాటూ పక్కపక్కనే. ఆవిడది కరీంనగర్ వైపు. అంకుల్‌తో పాటు ఎప్పుడో వచ్చి, ఆసుపత్రి లాండ్రీలో పనిచేసి రిటైరయ్యారు. అంకుల్ పోయాక ఒక్కరే ఉండేవారు. నేను పెళ్ళయి కనిగిరి దగ్గరి మా ఊరి నుంచి సూటిగా ఆ ఫ్లాట్లో దిగాను. ఆంటీ ఎప్పుడూ బెల్ నొక్కేవారు కాదు. చపాతీ కర్రతో మధ్య గోడ మీద కొట్టేవారు. అంటే టీ పెడుతున్నానని అర్థం. నేను వెళ్ళేసరికి కెటిల్ ముందు నిలబడి ఉండేవారు. అది మరిగి తనంతట తాను ఆగేదాకా ఎన్నడూ ఉండనివ్వలేదు. "అది ఆగేదాక నేను ఆగాల్నా?" అని ముందే స్విచ్ తీసేసేవారు. ఆంటీ ఇంట్లో టీ ఎప్పుడూ ఒక పిసరు చల్లగానే ఉండేది.

వచ్చిన కొత్తలో ఒకసారి జీపీ డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. క్లినిక్కులో అద్దం వెనకున్న అమ్మాయి నా పుట్టిన తేదీ అడిగింది. నాకది పేరు అడిగినట్టు వినిపించి పేరు చెప్పాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ పేరే చెప్పాను. నా వెనక వరుసలో ఎవరో నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు నన్ను ఇంటిదాకా తరిమింది. ఆ రోజు నుంచి బయటివాళ్ళ ముందు నోరు విప్పడం మానేశాను. పాలు కావాలన్నా మా ఆయన షిఫ్ట్ దిగి రావాల్సిందే. చివరికి నన్ను మా అమ్మ దగ్గరికి పంపేయమని ఆయన్ని అడిగాను. ఆయన ఎండాకాలం దాటాక టికెట్ తీస్తానన్నారు. వెళ్ళాక మళ్ళీ వస్తానో రానో ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆంటీకి చెబితే తిడతారనుకున్నాను.

"పో బిడ్డా, ఎవరొద్దన్నరు?" అన్నారు. "గని ఇంత దూరమొచ్చి ఈ ఫ్లాట్ గోడలు చూసి పోతవా? మా భజన వాళ్ళం కోచ్ బస్సుల ఫ్రాన్స్ పోతున్నం. నాతోని రా. ఆడికెళ్ళి వచ్చినంక పోదువు."

"నాకు మాటలు రావు గదా ఆంటీ."

"ఫ్రెంచోళ్ళకు నాకు మాత్రం వస్తయా? అందరం మూగోళ్ళమే. హాయిగుంటది."

వీసా కోసం ఆంటీ నన్ను బస్సులో తీసుకెళ్ళి, నా వేళ్ళు ఒక్కొక్కటీ గాజు పలక మీద నొక్కించి తీసుకొచ్చారు. దిగేటప్పుడు బస్సు డ్రైవరుకు తెలుగులో, "సల్లగుండు కొడుకా" అన్నారు. ఆయన కూడా ఏదో మంచిమాటే తిరిగి అన్నాడు. ఆవిడ ఎవరితోనైనా అలాగే మాట్లాడేవారు. తెలిసినన్ని ఇంగ్లీషు ముక్కలు వాడి, అవి అయిపోగానే ఆగకుండా తెలుగులోకి దిగేవారు. "తప్పు మాట్లాడినా మనిషి దిక్కు చూసి మాట్లాడు. సగం వాళ్ళే అర్థం చేస్కుంటరు" అనేవారు.

ఫ్రాన్సులో మేం దిగిన ఊరి పేరు షినోన్ అని రాస్తారట. పలికితే చివరి అక్షరం ముక్కులోనే ఆగిపోతుంది. కొండ మీద పొడుగ్గా పాత కోట, కొండ కింద ఇరుకు సందులు, చెక్క దూలాలు బయటికి కనిపించే ఇళ్ళు, వాటి ముందు నది. నది పేరు వియెన్. ఊరు దాటితే ఎటు చూసినా ద్రాక్షతోటలే. మా వైపు పందిళ్ళ మీద పాకిస్తారు, ఇక్కడ మాత్రం నడుమెత్తు తీగలు వరసలు తీరి నిలబడి ఉన్నాయి. సందుల్లో నడుస్తుంటే ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. అడిగినా మా కోచ్‌లో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. ఆంటీ చెప్పినట్టు నిజంగానే హాయిగా ఉంది.

ఆ ఊళ్ళో వైన్ కొండలో తొలిచిన గుహల్లో ఉంచుతారు. అక్కడికి తీసుకెళ్ళే ముందు ఆంటీ కోచ్‌లో లేచి నిలబడి అందరికీ చెప్పారు. "తాగుడనుకుని భయపడకుండ్రి. గుళ్ళె తీర్థం పోసినట్టు తలా జర్ర పోస్తరు. ఇష్టముంటే మింగుండ్రి, లేకుంటే ఆడ బకెట్ ఉంటది, అండ్ల పారబొయ్యుండ్రి."

గుహలోకి అడుగుపెడితే చల్లగా, చీకటిగా, తడిసిన రాతి వాసన. ఎక్కడో ఒక చిన్న దీపం. అచ్చం గర్భగుడిలా అనిపించింది. ఆ తోట యజమాని, బట్టతల పెద్దాయన, సీసా పట్టుకుని నిలబడ్డాడు. నేనెక్కడ వెనక ఉండిపోతానోనని ఆంటీ నన్ను అందరికంటే ముందుకు తోశారు. పెద్దాయన సీసా మూత తీసి నా వైపు ఒక అడుగు వేశాడు.

నేను తల వంచి, చున్నీ కొస చేతి కింద పెట్టి, కుడి అరచెయ్యి గుంటగా చేసి చాపాను.

సీసా గాలిలో ఆగిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తల ఎత్తితే పెద్దాయన వెనక పీపా మీద బారులు తీరిన గాజు గ్లాసులు కనిపించాయి. నా చెవులు కాలిపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకోవాలని తెలుస్తోంది, కానీ చెయ్యి నా మాట వినడం లేదు. ఇంటికెళ్ళగానే టికెట్ రేపటికే తియ్యమని చెప్పాలి అనుకున్నాను.

అప్పుడు నా మోచేతికి ఇంకో మోచెయ్యి తగిలింది. ఆంటీ నా పక్కకొచ్చి నిలబడి, కొంగు కింద పెట్టి, తన చెయ్యి కూడా చాపారు.

"అవర్ కస్టమ్ సర్," అన్నారు పెద్దాయనతో. "ఫస్ట్ టైమ్, ఇన్ హ్యాండ్. పొయ్యి నాయినా, చెయ్యి గుంజుతుంది."

ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. చాలా శ్రద్ధగా ముందు నా చేతిలో, తర్వాత ఆంటీ చేతిలో కొంచెం కొంచెం పోశాడు. మాలో ఎక్కువ పూజలు చేసే ఒక అక్క, "ఇదేం చోద్యం ఆంటీ, దేవుడి తీర్థంలా!" అంది.

"పండు దేవుడే ఇచ్చిండు గదనే. పులవబెట్టింది ఈయన," అన్నారు ఆంటీ.

ఇద్దరం తాగాం. తాగాక ఆంటీ అలవాటుకొద్దీ తడి చెయ్యి నెత్తికి రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. పెద్దాయన మమ్మల్ని చూసి, సీసా మూతికి అంటిన చుక్కను వేలితో తీసి తన బట్టతలకు రాసుకున్నాడు. గుహ మొత్తం నవ్వింది. ఈసారి నవ్వుతున్నది నన్ను చూసి కాదు. చూస్తే ఆ పూజల అక్క కూడా చెయ్యి చాపి నిలబడింది.

పెద్దాయన నా ముఖంలోకి చూసి, "గుడ్?" అని అడిగాడు.

నాలుక మీద వగరు. పచ్చి నేరేడు కాయ కొరికినట్టుంది. ఆంటీ వైపు చూశాను, నా తరఫున చెబుతారని. ఆవిడ పైకప్పు చూస్తున్నారు.

"నో," అన్నాను.

ఆ క్లినిక్కు రోజు తర్వాత, మా ఆయన పక్కన లేకుండా ఒక పరాయి మనిషికి నేను చెప్పిన మొదటి జవాబు అదే. పెద్దాయన పకపకా నవ్వి, ఇది ఇంకా కొత్తది, కొన్నేళ్ళు ఆగితే మెత్తబడుతుందని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. లోపలికెళ్ళి దుమ్ము పట్టిన పాత సీసా ఒకటి తెచ్చాడు. ఆంటీ ఆయన మాట నాకు తెలుగులో చెప్పి, నా వైపు ఒకసారి చూశారు.

సాయంత్రం కోచ్ బయల్దేరే ముందు ఇద్దరం నది ఒడ్డుకు వెళ్ళాం. ఏటవాలు రాళ్ళ మీద కూర్చుని ఆంటీ సాక్సులు విప్పి పాదాలు నీళ్ళలో పెట్టారు. చీర మీద కార్డిగన్, ఒళ్ళో చెప్పులు. "మరి టికెట్ సంగతేంది?" అన్నారు.

"మా ఆయనతో మాట్లాడతాను ఆంటీ. వద్దని చెబుతాను."

"గంతేనా? 'నో' అను. నీకు బాగనే వస్తది గదా."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అప్పుడే ఒక చెక్క పడవ జనంతో మా ముందు నుంచి వెళ్ళింది. ఎవరూ తెలిసినవాళ్ళు కారు. అయినా ఆంటీ తమవాళ్ళను సాగనంపుతున్నట్టు చెయ్యి ఊపారు. పడవలో ఒకరు తిరిగి ఊపారు, తర్వాత ఇంకొకరు, తర్వాత అందరూ. పడవ వంతెన కిందికి దూరి, అవతల వెలుతురులోకి వెళ్ళి చిన్నదైపోతున్నా ఆవిడ చెయ్యి దించలేదు. వాళ్ళూ దించలేదు.

అక్కలూ, చదవడం అయ్యాక ఈ కాగితాలు కాల్చేయండి. మా అత్తగారు వచ్చే నెల ఇక్కడికి వస్తున్నారు, ఫ్రాన్సులో నేను పుచ్చుకున్నదేమిటో ఆవిడకు తెలియక్కర్లేదు. గార్డెన్‌లోకి తీసుకెళ్ళి కాల్చండి. ఇంట్లో అయితే స్మోక్ అలారం మోగుతుంది.