ఏడు ముక్కల కవచం

నేను పుట్టుపిరికిని. బల్లి మీద పడితే ఏ ఫలితమో, బల్లి పడకముందే పంచాంగంలో చూసి పెట్టుకునే రకం. అలాంటిదాని చేతిలో మా అన్నయ్య తన ప్రాణంలాంటి వస్తువు పెట్టి వెళ్ళాడంటే, ఇంట్లో ఇంకెవరూ దొరక్క పెట్టాడనే అనుకోవాలి.

వస్తువంటే చేత్తో పట్టుకునేది కాదు, కంప్యూటర్ ఆటలో ఒక కవచం. వెయ్యేళ్ళ కిందట ఒక రాజు తొడుక్కున్నదట. యుద్ధంలో ఏడు ముక్కలై ఏడు చోట్ల పడిపోయిందట. ఆ ముక్కలన్నీ ఏరుకొచ్చి ఆటలో ఉండే కొలిమిలో వేస్తే మళ్ళీ కవచమవుతుంది. తొడుక్కున్నవాడికి నిప్పు అంటదు, కత్తి దిగదు. అన్నయ్య హైస్కూల్లో ఉండగా రెండేళ్ళు ఆడి ఆరు ముక్కలు పోగేశాడు. ఏడోది దొరక్కముందే పదో తరగతి అయిపోయింది, నాన్నగారు విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌కి చేర్పించేశారు. వెళ్ళే రోజు పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి నా లెక్కల పుస్తకంలో పెట్టాడు. ఏడో ముక్క నువ్వే తేవాలి, తెచ్చి కలపాలి అన్నాడు.

మాది సామర్లకోట. నాన్నగారు పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా. ఇంట్లో నెట్టు పొద్దున్న ఎనిమిదింటి దాకా ఎంత వాడినా ఒకటే బిల్లు కాబట్టి నేను అయిదింటికే లేచి కూర్చునేదాన్ని. స్కూలు ప్రాజెక్టు అని చెప్పాను. పొద్దున్నే లేచే ఆడపిల్ల చెడిపోదని మా అమ్మ నమ్మకం, అందుకని ఏం ప్రాజెక్టో ఎన్నడూ అడగలేదు. ఒకటి రెండు నెలలనుకున్నది ఏడాది దాటింది. నేను తొమ్మిదో తరగతికి వచ్చాను, అన్నయ్య రెండో సంవత్సరానికి వచ్చాడు, ఏడో ముక్క మాత్రం రాలేదు.

అన్నయ్య ఫోను ఆదివారం నాలుగింటికి. వార్డెన్ గదిలో క్యూలో నిలబడి చేయాలి, అయిదు నిమిషాలే. ముందు నాన్నగారు తీసుకుని వీక్లీ టెస్టులో ఎన్నొచ్చాయో అడిగేవారు. తరవాత అమ్మ తీసుకుని ఏం తిన్నావో అడిగేది. ఆఖరి అరనిమిషం నాది. దసరా సెలవులకి ఇంకా నెల ఉందనగా ఒక ఆదివారం ఆ అరనిమిషంలో, గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

“పక్క బ్లాకులో ఒకబ్బాయి పోయాడే. ఎవరడిగినా జ్వరమని చెప్పమన్నారు. జ్వరం కాదు.” వెంటనే మాట మార్చేశాడు. “ఏడోది దొరికిందా? అదొక్కటే మిగిలింది అమ్మలూ నాకు.”

ఫోను పెట్టేశాను. అప్పుడే నాన్నగారితో చెప్పి ఉండాల్సింది. చెప్తే ముందు ఆట సంగతి బయటపడుతుంది, కంప్యూటర్ అటకెక్కుతుంది. అన్నయ్యకి మిగిలిందన్న ఆ ఒక్కటీ నా నోటితో నేనే పోగొట్టినదాన్నవుతాను. అలా అనుకుని నోరు కుట్టేసుకున్నాను. పిరికివాళ్ళకి కారణాలు భలే దొరుకుతాయి.

ఏడో ముక్క ఒక గుహలో రాతి రాక్షసుడి కాపలాలో ఉండేది. ఆ ఆదివారం నుంచి రోజూ పొద్దున్నే పోయి వాడి చేతిలో చావడమే పని. స్కూల్లో పాఠం జరుగుతుంటే నా బుర్రలో ఆ జ్వరం కాని జ్వరమే తిరిగేది. ఆ రాక్షసుణ్ణి ఓడించలేకపోతే అన్నయ్యకి ఏదో అవుతుందని ఎలాగో గట్టిగా నాటుకుపోయింది. రెండు వారాలకి ఒక శనివారం, ఏడింటికి పావుగంట ముందు, వాడు కూలిపోయాడు. ముక్క ఆటలోని నా సంచిలో పడింది.

ఇక కొలిమి. ముక్కలు కలవడానికి పది నిమిషాలు పడుతుంది, మధ్యలో ఆగితే ఏడూ బూడిదవుతాయి అని తెర మీద ఎర్రక్షరాలతో రాసుంది. ఎనిమిదింటికి మా వీధికి కరెంటు కోత. అంటే గంటకు పైగా టైముంది. అప్పుడే నొక్కేసి ఉంటే ఈ కథే లేదు.

మా ఇంట్లో ఆవకాయ కలపాలన్నా, అట్లకి పప్పు నానబోయాలన్నా వర్జ్యం చూడందే అమ్మ చెయ్యి కదలదు. నేనూ ఆ కడుపున పుట్టినదాన్నే. లేచి వెళ్ళి గోడ మీద క్యాలెండర్ చూశాను. వర్జ్యం ఏడూ ముప్ఫయ్యారు దాకా ఉంది. అన్నయ్య ప్రాణం పెట్టుకున్న పనిని వర్జ్యంలో ఎలా మొదలుపెట్టను? చేతులు ఒళ్ళో పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చున్నాను. ఎందుకైనా మంచిదని ఇంకో నాలుగు నిమిషాలు ఆగి, దణ్ణం పెట్టుకుని ఏడూ నలభైకి నొక్కాను.

మా ఊళ్ళో కరెంటు రావడానికి ఎప్పుడూ ఆలస్యమే, పోవడానికి మాత్రం తొందరే. ఏడూ నలభయ్యెనిమిదికి పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎన్నాళ్ళ కిందటో చచ్చింది, అది కుయ్యిమని ఊరుకుంది.

కడుపునొప్పని చెప్పి స్కూలు మానేశాను. అబద్ధం కూడా కాదు. పదింటికి కరెంటొచ్చాక తెరిచి చూస్తే సంచిలో ఏడు బూడిద ముద్దలున్నాయి. ముందు కరెంటాఫీసు మీద కోపం వచ్చింది, తరవాత క్యాలెండర్ మీద, ఆ తరవాత నా మీద. ఆ కోపాలన్నీ పోయాక భయం ఒక్కటే మిగిలింది. రేపు నాలుగింటికి ఫోనొస్తుంది.

వచ్చింది. నాన్నగారి మార్కులు, అమ్మ అన్నం కూర అయ్యాక రిసీవరు నా చేతికిచ్చారు. అయిందా అన్నాడు. అయిందన్నాను. ఎలా ఉందన్నాడు. బంగారు రంగులో ఉంది, గుండె దగ్గర ఎర్ర రాయి వెలుగుతోంది, ముక్కలు అతికిన గీతలు కూడా కనిపించట్లేదు అని నోటికొచ్చిందల్లా చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను.

“అయితే అది నువ్వే ఉంచుకో,” అన్నాడు నెమ్మదిగా. “పాస్‌వర్డు మార్చేసుకో. ఇంక నాకు అక్కర్లేదులే.”

లైను పోయింది. మూడేళ్ళు దానికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసినవాడు ఒక్కసారి తొడుక్కోకుండానే ఇచ్చేస్తాడా? ఎక్కడికీ వెళ్ళనివాడు తన వస్తువు ఇంకొకరికి అప్పజెప్పడు. అది ఎలా తెలిసిందో ఇప్పటికీ చెప్పలేను, తెలిసిందంతే.

నాన్నగారు వరండాలో పేపరు చదువుతున్నారు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

“నాన్నగారూ, అన్నయ్య అక్కడ భయపడుతున్నాడండి. ఇవాళే వెళ్ళి తీసుకొచ్చెయ్యండి.”

ఏమన్నాడో మాట పొల్లు పోకుండా చెప్పమన్నారు. పోయిన అబ్బాయి సంగతి, ఆట సంగతి, నేనాడిన అబద్ధం, అన్నీ చెప్పేశాను. చెంప పగులుతుందనే అనుకున్నాను. ఆయన పేపరు మడతపెట్టి లోపలికెళ్ళి చొక్కా వేసుకొచ్చారు. గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి, అమ్మ చూసి కూడా చెప్పలేదు. స్టేషన్‌కి వెళ్ళి విజయవాడ వైపు ఏ బండి ముందొస్తే అది ఎక్కేశారు.

ఆయన తిరిగొచ్చేదాకా అమ్మా నేనూ ఫోను మోగకూడదని మొక్కుకుంటూనే ఉన్నాం. పొద్దున్న ఒకసారి మోగింది. ఇద్దరం లేచి నిలబడ్డాం గాని ఎవరం తీయలేకపోయాం. ఆఖరికి అమ్మే తీసింది. రాంగ్ నంబరు. అమ్మ ఫోను పెట్టేసి అక్కడే కింద కూలబడింది.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి ఇద్దరూ రిక్షా దిగారు. అన్నయ్య బుగ్గలు లోపలికి పోయాయి, మెడ సన్నబడింది. కాళ్ళు కడుక్కుని పడుకున్నవాడు మర్నాటిదాకా లేవలేదు. ఊపిరి ఆడుతోందో లేదో చూడ్డానికి నేను గడప మీద కూర్చున్నాను. గడప మీద కూర్చుంటే తిట్టే అమ్మ వచ్చి నా పక్కనే కూర్చుంది.

బుధవారం తనంతట తనే కంప్యూటర్ తెరిచాడు. సంచిలో బూడిద కనిపించింది. నేను వెనక నిలబడి వర్జ్యం దగ్గర్నుంచి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. క్యాలెండర్ చూశావా అని అడిగి, కొద్దిగా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నాన్నగారికి ఏం చెప్పావని అడిగాడు.

“నువ్వు భయపడుతున్నావని చెప్పాను.”

అన్నయ్య తెరవైపే చూస్తూ చెప్పాడు.

“ఏడాది పైనుంచీ ప్రతి ఆదివారం ఆ మాట చెబ్దామనే క్యూలో నిలబడేవాణ్ణే. ఆయన మార్కులడిగేవారు. మార్కులు చెప్పి పెట్టేసేవాణ్ణి.”

నాన్నగారు పక్క గదిలోనే ఉన్నారు. ఆ తరవాత ఆయన మా ఇద్దరిలో ఎవరినీ మార్కులు అడగలేదు.