బొటనవేలి తెగులు

ఆ రోజుల్లో నా దృష్టిలో ఉద్యోగమంటే ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు. ఆ రెండూ ఇచ్చే పని ఏదైనా సరే చేసేయగలనని గట్టి ధైర్యం ఉండేది. (ఇప్పుడు ఆ రెండూ ఉన్నాయి, ధైర్యమే కనబడదు.) డిగ్రీ పూర్తిచేసి గుడుపల్లె దగ్గర మా ఊళ్లో ఖాళీగా తిరుగుతున్న నన్ను, మదనపల్లెలో ఆటో నడిపే మా చిన్నాన్న తీసుకెళ్లి ఒక కూరగాయల కేంద్రంలో నాణ్యత చూసే పనికి కుదిర్చాడు. రైతులు తెచ్చిన టమోటాల్లో పగిలినవి, పురుగు తొలిచినవి, ఎండదెబ్బ తిన్నవి ఏరేయాలి. మిగిలినవాటిలో బాగా పండినవి మదనపల్లె, పుంగనూరు అంగళ్లకు, దోరకాయలు బెంగళూరుకు వెళ్లాలి. "మా అన్న కొడుకు మేడమ్, గద్ద కండ్లు వానివి" అని చిన్నాన్న అక్కడి పెద్దావిడకు మాటిచ్చాడు. ఆవిడ మెడలో నల్లపూసల పక్కనే ఒక చిన్న భూతద్దం వేలాడుతూ ఉండేది. అందుకని చాటుగా అందరూ ఆవిడను భూతద్దం మేడమ్ అనేవారు.

మొదటిరోజు పగుళ్లు, పురుగు రంధ్రాలు ఇట్టే పట్టేశాను. మేడమ్ మెచ్చుకుంది కూడా. "ఇంగ పండ్లు ఈ పక్క, దోరకాయలు ఆ పక్క వెయ్యప్పా" అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. నేను బాక్సులోకి తొంగిచూశాను. అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఎరుపూ పచ్చా నా కళ్లకు కవలపిల్లల్లా కనబడతాయని నాకు కొద్దిగా తెలుసు. (బడిలో ఒకసారి మామిడాకులకు ఇటుకరంగు వేస్తే, డ్రాయింగు మాస్టారు "తోరణం ఎండిపోయింది కదరా" అని జాలిపడ్డారు.) కానీ మా చేలో పండేది వేరుశనగ, రాగి. వాటితో నాకెప్పుడూ ఈ పేచీ రాలేదు. బతుకుతెరువు తెచ్చి టమోటా ముందు నిలబెడుతుందని ఎవరు అనుకుంటారు? ఉన్న సంగతి చెబితే ఉద్యోగం పోతుంది. అది పోయినా ఫరవాలేదు, చిన్నాన్న మాట పోతుంది.

అప్పుడొక ఉపాయం తోచింది. పండు మెత్తగా ఉంటుంది, దోరకాయ గట్టిగా ఉంటుంది. బొటనవేలితో చిన్నగా నొక్కి చూస్తే సరిపోతుంది. నొక్కాను. పని జరిగింది. కొద్ది రోజుల్లోనే నా చేయి ఎంత ఆరితేరిందంటే, బాక్సు వైపు చూడకుండానే వేరుచేసేవాణ్ణి. నా పక్కన కాయలు ఏరే అక్క ఒకరోజు పని ఆపి, "ఏమబ్బా, కాయలకు నాడి సూస్తాండావా?" అని అడిగింది. "క్వాలిటీ అక్కా" అన్నాను గంభీరంగా.

ఒకరోజు బెంగళూరుకు పోయిన సరుకు తిరిగొచ్చింది. ప్రతి కాయ బుగ్గమీదా ఒక చిన్న సొట్ట, సొట్ట చుట్టూ కమిలిన మచ్చ. మేడమ్ భూతద్దం పెట్టి ఎంతసేపు చూసినా అంతు చిక్కలేదు. పురుగు కాదు, ఎండదెబ్బ కాదు. "ఇదేందో కొత్త తెగులప్పా" అంది చివరికి. ఆ బాక్సులన్నీ ఒకే రైతువి కావడంతో, వాటిని తెచ్చిన పెద్దాయన్ను పిలిపించారు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, ఒక కాయ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత మెల్లగా, "తోటంతా ఇట్లే అయితాదామ్మా? ఏం మందు కొట్టల్ల దీనికి?" అన్నాడు.

"తెలీదు పెద్దాయనా. తెలిసేంతవరకూ నీ కాయలు తీసుకోలేము" అంది మేడమ్. ఆ పైన నావైపు తిరిగి, "నీ కండ్లు మంచివి గదా, నువ్వు సూడప్పా" అని ఒక కాయ నా చేతిలో పెట్టింది.

నేను చూడలేదు. చూడనవసరం లేకుండానే నా బొటనవేలు తనంతట తానే వెళ్లి ఆ సొట్టలో కూర్చుంది, అచ్చు పోసినట్టు. పెద్దాయన నా మొహంలోకే ఆశగా చూస్తున్నాడు. మందు పేరు చెబుతాననుకున్నాడు పాపం.

"తెగులు కాదు మేడమ్. నేనే" అన్నాను.

అందరూ పని ఆపేశారు. మొత్తం చెప్పేశాను. మేడమ్ నమ్మలేక రెండు కాయలు తీసి పైకెత్తి, "ఇందులో పండు ఏది?" అని అడిగింది. కుడిచేతిలోది అన్నాను. "రెండూ పచ్చివే" అంది ఆవిడ నీరసంగా.

పెద్దాయన తిడతాడని తల వంచుకున్నాను. ఆయన అక్కడే ఖాళీ బాక్సు బోర్లించి దానిమీద కూలబడి, "అబ్బ, తోటకేం కాలేదా. బతికితిని లేప్పా" అన్నాడు. మేడమ్ ఆయన్నూ నన్నూ మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. "మందు కావల్లంటే వీనికే కొట్టల్ల" అని కళ్లు తుడుచుకుంటూ, పెద్దాయన కాయలు ఎప్పటిలాగే తెమ్మని చెప్పింది. బెంగళూరువాళ్లకు కూడా తనే ఫోన్ చేసి సర్దిచెప్పింది. "రేపట్నుంచి నువ్వు ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు సూడు. ఎర్రగడ్డ పేరుకే ఎరుపు, బయపడొద్దు" అంది నాతో. అలా బంగాళాదుంపలు, ఉల్లిపాయల దగ్గరికి మారాను.

సాయంత్రం ఆటోలో చిన్నాన్నకు అంతా చెప్పాను. వెనక్కి తిరక్కుండానే, "మరి ఎర్రలైటు కాడ ఎట్ల నిలబడతావురా?" అని అడిగాడు. "పైన వెలిగితే ఆగుతాను చిన్నాన్నా." "సరేలే. ముందుండే వాడు ఆగినా ఆగు" అన్నాడు. అంతే, మందలింపు అయిపోయింది.

ఇప్పుడు కుప్పంలో ఉంటున్నాను. ఇప్పటికీ కూరగాయలే చూస్తున్నాను, టమోటా తప్ప. పనిమీద మదనపల్లె వెళ్లినప్పుడల్లా, ఆ సాయంత్రం చిన్నాన్న ఆటో వెనకసీట్లో కాళ్లు చాపుకుని కూర్చున్న కుర్రవాడు, అంటే నేనే, గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆరోజు రోడ్డు పక్కన వరసగా టమోటా బాక్సులు ఉన్నాయి. వాటిలో ఏది పండో ఏది కాయో తేల్చాల్సిన పని వాడికి ఇక లేదు. అన్నీ వాడికి ఒకేలా, ఎంతో అందంగా కనిపించాయి. అంత తేలిగ్గా నేను మళ్లీ ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.