సువార్తమ్మ కాళ్ళ కింది మట్టి

మా చిన్నప్పుడు గొర్రెకి దిష్టి తగిలిందనుకుంటే, ఎవరి మీద అనుమానమో వాళ్ళ కాళ్ళ కింది మట్టి తెచ్చి, కళ్ళుప్పు, ఎండుమిరపకాయలు కలిపి నిప్పుల్లో వేసేది మా అమ్మ... ఆ మట్టి మాత్రం వాళ్ళకి తెలియకుండా తేవాలి. "మనిషిని నొప్పించి తెస్తే పనిచెయ్యదురా" అనేది.

ఆ మాత్రం మర్యాద కూడా మా అన్నయ్య నిలబెట్టలేదు. ఇన్నేళ్ళ నుంచి నాకదే కోపం.

కొల్లేరులో సర్కారు వాళ్ళు చేపల చెరువుల గట్లు పేల్చేసిన ఏడాది అది. మాది గుండుగొలను పక్క పల్లె. అన్నయ్యకి గొర్రెల మంద, రెండు గేదెలు ఉండేవి. ఊళ్ళో అందరికంటే ముందు ఆయనే పాతర గడ్డి వేశాడు. అంటే పచ్చిమేత గుంటలో తొక్కించి, గాలి చొరకుండా పట్టా కప్పి మాగబెట్టడం. ఆయన కప్పింది చెరువు గట్టున ఎవరో పారేసిన చిరుగుల పట్టా... వాన నీళ్ళు దిగాయి. తీసేసరికి పై పొర నల్లగా, జిగటగా కంపు కొట్టింది. గేదెలు మూతి తిప్పుకున్నాయి.

"వీటికి పొగరు. గొర్రెలకి పడెయ్యండెహె, అవి తింటాయి" అన్నాడు.

తిన్నాయి...

కొన్నాళ్ళకి సువార్తమ్మ చేపల గంపతో మా ఇంటికొచ్చింది. భర్త పోయాక ఆ గంప మీదే ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది. మందని చూసి "ఎంత నున్నగా ఉన్నాయండీ మీ గొర్రెలు" అంది పాపం. మర్నాడే ఒక గొర్రె తల పక్కకి వాల్చి, ఒకే వైపు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒక చెవి వేలాడిపోయింది, చొంగ కారుతోంది. గోడకి తల ఆనించి నిలబడిపోతోంది.

ఆదివారం సువార్తమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని చర్చి నుంచి వస్తుంటే అన్నయ్య వీధి మధ్యలో ఆపాడు.

"నీ కాళ్ళ కింద మట్టి కావాలి. జరుగు."

"ఏవండీ, నేనేం చేశానండీ? బాగున్నాయన్నాను గదండీ, అంతే గదా..."

"ఆ అనడమే కొంప ముంచింది. జరగవే!"

జరిగింది. వీధంతా చూస్తుండగా ఆవిడ అడుగు పడినచోట మట్టి ఎత్తాడు. పిల్లలిద్దరూ తల్లి కొంగు పట్టుకుని ఏడ్చారు. ఎవరో నవ్వారు కూడా.

మట్టి కాలింది. గొర్రె చచ్చిపోయింది. ఇంకొన్ని తిరగడం మొదలుపెట్టాయి.

అప్పుడు పశువుల డాక్టరు గారిని పిలిచారు. ఆయన గొర్రెల్ని చూసి, మేత చూపించమని అడిగి, గుంట దగ్గర ముక్కు మూసుకున్నారు.

"కన్నూ లేదు, గిన్నూ లేదండీ. కుళ్ళిన పాతర గడ్డిలోంచి బాక్టీరియా మెదడుకెక్కింది. ముందు ఇది తీసి పారేయండి. తిరిగేవాటిని విడిగా కట్టండి. ఏ చూలు గొర్రెకైనా కడుపు పోతే ఉత్త చేతుల్తో ముట్టుకోకండి, మనుషులకీ వస్తుంది."

జబ్బు అప్పుడే మొదలైనవి సూదులకి తేరుకున్నాయి. పడిపోయి కాళ్ళు కొట్టుకుంటున్నవి దక్కలేదు.

అన్నయ్య ఆ నల్లగడ్డిని దూరంగా పూడ్పించాడు. "డాక్టరు మాట ఇంట్లోనే ఉండాలి" అన్నాడు. తన పాతర పాడైందంటే నామోషీ అట! సువార్తమ్మ మీద పడ్డ మాట మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. ఆవిడ గంప కనబడితే చూలు గేదెల్ని లోపలికి తోలేవారు. చేపలు కొనేవాళ్ళు లేక, కలిదిండి పోయి కొన్నేళ్ళు రొయ్యల చెరువుల్లో కూలి చేసి వచ్చింది.

మా ఇంటి మనిషి చేసిన పని అది. ఆవిడ ఎదురైతే ఇప్పటికీ నా తల పైకి లేవదు.

ఇప్పుడు మా వీధిలో గొర్రెలూ లేవు, పాతర గుంటా లేదు... ఆ మాట మాత్రం పోలేదు. మొన్న ఆవిడ చిన్నకూతుర్ని చూడ్డానికొచ్చినవాళ్ళకి మా ఊరివాడే చెప్పాడు, ఆ పిల్ల తల్లి కన్ను మంచిది కాదని. ఆలోచించుకుని ఆదివారం వస్తామని వెళ్ళిపోయారు.

మీ ఊళ్ళలో ఇలా పేరు చెడినవాళ్ళుంటే, నిజం తెలిసినవాళ్ళు కింద రాయండి.

అన్నయ్యా, ఇది నీ మనవడు నీకు చదివి వినిపిస్తాడని తెలుసు. ఆ పెళ్ళివాళ్ళ ముందుకొచ్చి గడ్డి నాది, తప్పు నాది అని చెబుతావా, చెప్పవా? శనివారం పొద్దుగూకేలోపు నాకు జవాబు కావాలి. నువ్వు రాకపోతే నేనే వెళ్ళి చెబుతాను... నీ పేరుతో సహా.