తెలీదన్న మనిషి

దర్జీ పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులుంటాయి. దేవుడున్నాడా అని ఎవరైనా నిలదీస్తే వాటిని తీసి, "ఉన్నాడేమో, నాకైతే తెలీదు," అని నవ్వి మళ్ళీ పెట్టుకుంటాడు. అందుకే భక్తులూ నాస్తికులూ ఆయన కొట్లోనే చేరి కబుర్లాడతారు. ఆయనతో ఎవరికీ పేచీ రాదు. ఆ ఉదయం ఆయన భార్యను గుండె ఆపరేషనుకు తీసుకెళ్తున్నారు. స్ట్రెచర్ మీంచి ఆవిడ ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

"నాకేమన్నా అయితే, మళ్ళీ ఎక్కడైనా కలుస్తామా?"

ఆయన అవునంటే సరిపోయేది. "తెలీదే," అన్నాడు.

"ఊరందరితో సర్దుకుపోతారు. నాతో ఈ ఒక్క మాటకి సర్దుకోలేరా?"

ఆవిడ ఆయన చొక్కా వదిలేసి ముఖం గోడవైపు తిప్పుకుంది. స్ట్రెచర్ లోపలికి వెళ్ళింది, తలుపులు మూసుకున్నాయి. చాలాసేపటికి ఒక నర్సు బయటికొచ్చి, ఆయన ముఖంలోకి చూడకుండా అడిగింది: "మీతో ఇంకెవరైనా వచ్చారా?"