రుమాలు వేసిన చోటు

ఎంకపల్లి దగ్గర మైదానంలో మ్యూజిక్ ఫెస్టివల్‌కు పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్లాను. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని నా పంతం. అందుకే బస్సులో సీటు ఆపుకున్నట్టు, గడ్డి మీద నా పక్కన చేతిరుమాలు పరిచాను.

"ఇక్కడ ఎవరన్న ఉన్నరా?" అని అడిగిన ప్రతివాళ్లకూ "వస్తున్నరు" అని విసురుగా చెప్పాను. పాపం, కూర్చునే చోటు దొరక్క ఒక జంట మధ్యాహ్నమంతా నిలబడే పాటలు విన్నారు.

సాయంత్రం మక్క కంకులు కాల్చి అమ్మే అవ్వ నాకొకటి ఇస్తూ రుమాలు వైపు చూసింది. "ఇంకా రాలేదా బిడ్డా? జర ఫోన్ చెయ్."

ఫోన్ ఊరికే చెవి దగ్గర పెట్టుకున్నాను. "దారిల ఉన్నరట అవ్వా."

వచ్చేవాళ్లకని ఇంకో కంకి రుమాలు మీద పెట్టి వెళ్లిందామె.

చల్లారేదాకా ఆగి, అదీ నేనే తిన్నాను.