పెరటి గదికి రెండు పెట్టెలు

దర్శిలో మా ఇంట్లో నాకంటూ ఉన్న చోటు పెరటి చివరి గది ఒక్కటే. ఒకప్పుడు అందులో పొగాకు దాచేవారు. ఎన్నిసార్లు కడిగినా వానాకాలంలో ఆ ఘాటు మళ్లీ పైకి లేచేది. అక్కడ కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన మాటలు టైపు చేసేదాన్ని. పొద్దున వచ్చిన ఫైళ్లు మధ్యాహ్నం రెండింటికల్లా తిరిగి వెళ్లిపోవాలి. డాక్టరు ఐదు మిల్లీగ్రాములంటే ఐదే రాయాలి. వినపడకపోతే ఖాళీ వదలాలే కానీ సొంత తెలివి వాడకూడదు.

మా ఆయనకు బజారులో పురుగుమందుల కొట్టు. ఎవరైనా నా గురించి అడిగితే, "ఊరికే ఉండలేక ఇంట్లో ఏదో టైపు కొట్టుకుంటా ఉంటది" అనేవారు. నాకు ఒళ్లు మండేది.

ఇంటర్నెట్ ఫోను లైను మీద ముందింటి హాల్లోకి వచ్చేది. అక్కడి నుంచి పెరటి గదికి మామూలు రాగి కేబుల్ లాగించాం. ఆ ఏడు పత్తి పూత మీదున్నప్పుడు ఉరుములు, మెరుపులు పట్టుకున్నాయి. పిడుగు ఎక్కడో పొలాల్లో పడేది, మా కేబుల్ తగిలించిన చోట రెండువైపులా మాడిపోయేది. అలా రెండుసార్లు అయ్యింది. రెండోసారి హైదరాబాదు ఆఫీసు నుంచి సూపర్‌వైజర్ మేడం ఫోన్ చేసి, ఇంకొక్కసారి ఆలస్యమైతే నా ఫైళ్లు వేరేవాళ్లకు ఇచ్చేస్తామని మెత్తగానే చెప్పింది.

టీవీ కేబుల్ వేసే అతను దారి చూపించాడు. ఫైబర్ అంటే గాజు తీగ, దాని గుండా కరెంటు పాకదన్నాడు. తన దగ్గర మిగిలిన ముక్క ఉంది, వేసి చివర్లు అతికిస్తానన్నాడు. ఆ చివరొకటి, ఈ చివరొకటి తగిలించే పెట్టెలు, మీడియా కన్వర్టర్లు, మేమే తెచ్చుకోవాలి. రెండు రోజులు నెట్‌లో చదివి చీటీ రాశాను. అతని ఫైబర్ సింగిల్ మోడ్ అనే రకం కాబట్టి పెట్టెలూ సింగిల్ మోడ్‌వే కావాలి. స్పీడు తేడా ఉంటే ఒకదాన్నొకటి అందుకోవు, అందుకని రెండూ వంద స్పీడువే. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ నంబరు. ఆ మాట కింద గీత కూడా గీశాను.

మా ఆయన కొట్టు సరుకు కోసం గుంటూరు వెళ్లి, పనిలో పనిగా బ్రాడీపేటలో పెట్టెలు తెచ్చారు. కేబుల్ అతను ఫైబర్ వేసి తగిలించాడు. ముందింట్లో పెట్టె మీద లైటు వెలగలేదు. పెరట్లోనూ వెలగలేదు. తిరగేసి చూస్తే ఒకటి వంద, రెండోది వెయ్యి.

"రెండూ సింగిల్ మోడేగా. నీ వైపు దానికి కాస్త స్పీడెక్కువుంటే మంచిదేగా అని తెచ్చా," అన్నారు.

కొట్లో కూర్చుని రోజంతా రైతులతో ఆయన పోట్లాడేది దీని గురించే. డబ్బా మీద ఉన్న కొలత చాలదని వాళ్లు ఇంకో మూత కలుపుతారు. రాసినంతే కొట్టండయ్యా అని గొంతు చించుకునే మనిషి, నా చీటీకి మాత్రం తనే ఒక మూత ఎక్కువ కలిపారు.

"వ్యవసాయాఫీసరు రాసిచ్చిన చీటీ అయితే ఇలాగే మార్చేవారా?" అని అడిగాను.

నా కోపం పెట్టె గురించి కాదు. నాదీ ఒక ఉద్యోగమని ఆయనకు ఒక్కసారైనా తోచి ఉంటే ఆ చీటీ కింది గీతదాకా చదివేవారు.

మర్నాడు కంప్యూటర్ను హాల్లోకి మోసుకొచ్చి అక్కడే పని చేశాను. అత్తయ్య పాపం టీవీ కట్టేసి, విజిల్ వస్తుందని కుక్కర్ కూడా మానేసి గిన్నెలో అన్నం వండింది. అయినా వీధిలో వచ్చేపోయే బళ్ల మోతకు ఒక డాక్టరు గొణుగుడు పదిసార్లు వినాల్సి వచ్చింది. రెండింటికి ఐదు నిమిషాల ముందు ఆఖరి ఫైలు వెళ్లింది. ఇలా రోజూ నెట్టుకురాలేనని తెలిసి ఏడుపొచ్చింది.

ఆ మర్నాడు నేను లేచేసరికి ఆయన లేరు. వెయ్యి స్పీడు పెట్టె కూడా లేదు. పదకొండింటికి గుంటూరు నుంచి ఫోన్ చేశారు. షాపులో నిలబడి, కొత్త పెట్టె మీద ఉన్నదంతా అక్షరం అక్షరం చదివారు. నేను ఇంట్లో ఉన్న పెట్టె చేతిలో పట్టుకుని ఒక్కోదానికీ ఊఁ కొట్టాను.

"ఇంకేమన్నా తేవాలా?"

"వద్దండీ. అంతే."

సాయంత్రానికి రెండువైపులా లైట్లు వెలిగాయి.

మరుసటి రోజు ఫైళ్లన్నీ ఒంటిగంటకే పంపేసి, ఆయనకు క్యారేజీ తీసుకుని కొట్టుకు వెళ్లాను. ఆయన అటు తిరిగి అరలోంచి డబ్బాలు దించుతున్నారు, నన్ను చూడలేదు. బల్లకివతల ఒక రైతు విసుక్కుంటున్నాడు.

"పురుగు పడి మేం సస్తంటే నిన్న కొట్టు మూశావేందయ్యా?"

"మా ఆవిడ ఆఫీసుకి సామాను కావాల్సొచ్చింది. గుంటూరు పోయా," అన్నారు మా ఆయన, డబ్బా మీద దుమ్ము తుడుస్తూ.

నాకెంత సంతోషమేసిందంటే, ఆయన ఇటు తిరిగి చూసేదాకా క్యారేజీ పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయాను.