సదయ్య కుడిచెయ్యి

గోదావరిఖని గనిలో బొగ్గు తొట్లు లాగే ఇనుప తాడు తెగితే సదయ్యను పిలిచేవారు. పాయలు విప్పి, ఒకదానిలో ఒకటి జొనిపి, అతుకు ఎక్కడుందో తడిమినా తెలియకుండా చేసేవాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన వేసిన అతుకు ఒక్కటీ జారలేదు. యాభై రెండో ఏట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

చూడవచ్చిన బామ్మర్ది పోశం ఆ చేతిని తువ్వాలతో మెడకు కట్టాడు.

"బావా, నాలుగు నెలల్ల మెడికల్ బోర్డు. అన్‌ఫిట్ అంటే నీ నౌకరి శోభకొస్తది. గప్పటిదాక చెయ్యి కదిలియ్యకు."

"తినుడెట్లరా?"

"అక్క తినిపిస్తది. పెండ్లినాడు తినిపియ్యలేదా?"

కూతురు శోభ డిగ్రీ చదివి రెండేళ్లుగా ఇంట్లోనే ఉంది. సదయ్య మూడు వారాలు తువ్వాల విప్పలేదు.

దవాఖానలో ఫిజియోథెరపీ చేసే శ్రీలేఖ, బిగుసుకున్న వేళ్లు చూసి కోప్పడింది. ఆమెవాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవారు.

"దెబ్బ తగిలింది చేతికి కాదండీ, మెదడుకి. చచ్చిన కణాలు తిరిగి రావు. పక్క కణాలు కొత్త కొమ్మలు వేసి ఆ పని అందుకోవాలి. కొమ్మలు పెరగడానికి మెదడులోనే కొన్ని ప్రోటీన్లు తయారవుతాయి. చేతిచేత పని చేయిస్తేనే అవి బాగా తయారవుతాయి."

"బోర్డు అయినంక మొదలువెడ్తే?"

"జోరుగా పెరిగేది మొదటి నెలల్లోనే. తర్వాత అసలు రాదని కాదు. ఎంత వస్తుందో చెప్పలేను."

ఇంటికి రాగానే సదయ్య, "బిడ్డా, ఇది విప్పు" అన్నాడు.

"మరి దాని నౌకరి?" అంది భార్య లింగవ్వ.

"దానికి చదువున్నది. నాకు గీ చెయ్యే ఉన్నది."

శోభ ముడి విప్పింది.

రోజూ కొబ్బరితాడు పాయలు విప్పడం, మళ్లీ జొనపడం, అదే ఆయన కసరత్తు. మొదటి వారం బొటనవేలు ఒక్కటే కదిలింది. రెండో నెలకు మూడు వేళ్లు తాడును పట్టాయి.

బోర్డులో డాక్టరు చొక్కా గుండీ పెట్టుకొమ్మన్నాడు. చెయ్యి కిందికి జారవిడిస్తే సరిపోయేది. సదయ్య చాలాసేపు తంటాలు పడి గుండీ పెట్టాడు. గని పైన తేలిక పనికి ఫిట్ అని రాశారు.

శోభ వాడపిల్లలకు ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టింది. లింగవ్వ పదిరోజులు భర్తతో మాట్లాడలేదు. పదకొండో రోజు ఆయన డ్యూటీకి బయలుదేరుతుంటే సద్దిగిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఆయన ఎడమచెయ్యి చాచాడు.

"కుడిచేత్తో పట్టు" అంది. "దాని కోసమే గదా గింత చేసినవ్."